హైస్కూలు పిల్లలూ, మన పాడి పశువులూ
(అనంతసాగరం ప్రాంత పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఇవాళ దాణా గురించో, వెన్న శాతం గురించో మాట్లాడతామని మీలో చాలామంది అనుకొని వచ్చి ఉంటారు. అవి వచ్చే సమావేశానికి అట్టేపెడదాం. ఈ పూట మీ పిల్లల గురించి కొన్ని సంగతులు మనవి చేస్తాం. అందులో మా తప్పు ఒకటి ఉంది. దాన్ని కూడా దాచకుండా చెబుతాం.

ముందుగా ఒక ప్రశ్న. మీ ఇంట్లో పశువు పక్కన ఎక్కువసేపు ఉండేది ఎవరు? తెల్లవారి పాలక్యాను పట్టుకొని సంఘానికి వచ్చేది చాలాచోట్ల స్కూలు చొక్కా తొడుక్కున్న పిల్లవాడే. సాయంత్రం చెరువుకు తోలుకుపోయేదీ, దూడను విప్పేదీ, కుడితి పెట్టేదీ పిల్లలే. ఆదివారం పూట గొర్రెల మంద వెంట వెళ్ళేదీ వాళ్ళే. గేదె నెమరు వేయడం మానిందని ఇంట్లో అందరికంటే ముందు తెలిసేది వాళ్ళకే. కాని ఆ మాట పెద్దలతో చెప్పాలని వాళ్ళకు తోచదు, చెప్పినా మనం వినిపించుకోం. రెండు రోజులు పోయాక పశువు మేత ముట్టకుండా పడుకుంటే అప్పుడు డాక్టరుకు కబురు వెళుతుంది. ఆ రెండు రోజుల కోసమే ఈ పాఠాలు మొదలుపెట్టాం.

మొదటి రెండు పాఠాలు దండగ అయినాయి. మేము పటాలు తగిలించి గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు, దొమ్మ అని వరుసగా చదువుకుంటూ పోయాం. పిల్లలు పుస్తకాల్లో రాసుకున్నారు, కొందరు కునుకు తీశారు. ఒక అమ్మాయి మాత్రం లేచి, "సార్, జబ్బు గొడ్డు ఎట్లుంటుందో చెప్పినారు. బాగుండే గొడ్డు ఎట్లుంటుందో చెప్పలా," అని అడిగింది. మాకు తల కొట్టేసినట్టయింది.

మూడో శనివారం ఒక సభ్యుడు సాధువైన గేదెను తెచ్చి వేపచెట్టుకు కట్టేశారు. పాఠం అంతా దాని చుట్టూనే జరిగింది. ఎడమ డొక్క మీద పిడికిలి ఆనించి నిలబడితే లోపల పొట్ట అలలాగా లేచి పడటం చేతికి తెలుస్తుంది. రెండు నిమిషాలలో రెండు మూడు సార్లు అట్లా కదలాలి. ముట్టె చెమ్మగా ఉండాలి. ఆవు ఉష్ణోగ్రత సుమారు 101.5 డిగ్రీల ఫారన్‌హీట్, గొర్రెది అంతకంటే కొంచెం ఎక్కువ, 102 నుంచి 103. థర్మామీటరుకు దారం కట్టి, ఆ దారాన్ని తోకకు ముడివేయాలి, లేకుంటే లోపలికి జారిపోతుంది. పాలు పితికే ముందు మొదటి రెండు ధారలు నల్లగుడ్డ మీద పిండి చూస్తే, తెల్లని పలుకులు కనబడిన రోజే పొదుగువాపు మొదలైందని తెలుసుకోవచ్చు. పొదుగు గట్టిపడి రాయి అయ్యేదాకా ఆగనక్కరలేదు. ఆ రోజు ఒక్క పిల్లవాడు కునుకు తీయలేదు. అప్పటి నుంచి ఒక్కొక్కరు తమ ఇంటి పశువుకు ఒక నోటుపుస్తకం పెట్టారు.

ఈ నోటుపుస్తకాల వల్ల మేము అనుకోని లాభం ఒకటి కలిగింది. ఈసుడు రోగానికి, అంటే చూడి పశువులు నెలలు నిండకుండా ఈసుకుపోయే రోగానికి, పెయ్యదూడలకు నాలుగు నెలలు నిండిన తరువాత ఎనిమిది నెలలలోపు ఒక్కసారి టీకా వేయాలి. 2019లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన జాతీయ పశువ్యాధి నియంత్రణ పథకంలో గాలికుంటుతో పాటు ఇదీ ఉంది. టీకా వచ్చినా, దూడ వయసు అడిగితే పెద్దలు "సంక్రాంతికి అటూ ఇటూ ఈనింది" అంటారు. పిల్లల పుస్తకంలో తేదీ ఉంటుంది, కొందరు వేళతో సహా రాశారు. దూడ పుట్టిన రోజును పిల్లలు మరిచిపోరు.

ఇక మా తప్పు. నట్టల మందు పాఠం చెప్పాం. దూడ బరువును బట్టి మోతాదు ఎట్లా లెక్కకట్టాలో బోర్డు మీద లెక్కలు కూడా వేయించాం. మందు ఎట్లా తాపాలో మాత్రం నోటిమాటగా, రెండు వాక్యాల్లో తేల్చేశాం. తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు ఇంటికి వెళ్ళి మూడు నెలల పెయ్యదూడకు తానే మందు తాపాడు. మోతాదు సరిగ్గానే తీసుకున్నాడు. కాని దూడ తల పైకెత్తి, నాలుక బయటికి లాగిపట్టి గొట్టంతో ఒక్కసారిగా పోశాడు. నాలుక పట్టుకుంటే పశువు మింగలేదు. మందు ఊపిరితిత్తుల్లోకి పోయింది. దూడ దగ్గి దగ్గి మూడో రోజు చనిపోయింది.

మేము వాళ్ళ ఇంటికి వెళ్ళాం. తండ్రి మమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు. మంచం వాల్చి కూర్చోమన్నారు. "అయ్యా, మావాడు మీరు చెప్పినట్టే చేసినాడు," అన్నారు. అంతకంటే ఆయన అనవలసింది ఏముంది? ఇంకో ఏడాదిన్నరకో రెండేళ్ళకో ఎదకు వచ్చి, ఆ ఇంటికి పాడి కావలసిన పెయ్య అది. అబ్బాయి తలుపు చాటు నుంచి బయటికి రాలేదు. తరువాతి శనివారాలు బడిలో పాఠానికి కూడా రాలేదు.

అప్పటినుంచి మేము పెట్టుకున్న కట్టుబాటు ఒక్కటే. పిల్లలు చూడాలి, రాయాలి, చెప్పాలి. మందు తాపడం, సూది వేయడం పిల్లల పని కాదు. పెద్దలు తాపేటప్పుడు కూడా పశువు తల దాని వెన్నుగీతకంటే పైకి లేవనివ్వకుండా, నాలుక వదిలేసి, చెంప పక్క నుంచి కొంచెం కొంచెంగా, గుటక పడనిచ్చి తాపాలి. దగ్గితే వెంటనే తల దించెయ్యాలి. ఇది మేము మొదటి రోజే గేదె పక్కన నిలబడి చూపించి ఉండవలసింది.

ఆ అబ్బాయి మూడు నెలల తరువాత తిరిగి వచ్చాడు. వాకిట్లో నిలబడి ఒక కాగితం ఇచ్చాడు. చెరువు లోతట్టులో మేసే మందలో నాలుగు గొర్రెలకు పొద్దున పూట దవడ కింద నీరు దిగి సంచిలాగా వేలాడుతోందని, కంటి లోపలి రెప్ప తెల్లగా పాలిపోయిందని రాశాడు. పేడ పరీక్ష చేయిస్తే కార్జపు జలగ గుడ్లు కనబడ్డాయి. చెరువు అంచు తడిలో ఉండే నత్తల ద్వారా ఆ జలగ పిల్లలు గడ్డికి అంటుకొని, గడ్డితో పాటు గొర్రె పొట్టలోకి వెళతాయి. మంద అంతటికీ మందు పడింది. నీరు తీసిన నేలలో కొంతకాలం మేపవద్దని కాపరులకు చెప్పాం. పల్ల, జోడిపి, దొర అని మూడు రకాల నెల్లూరు గొర్రెలకు పేరుపొందిన జిల్లా మనది. మన ఒంగోలు జాతి పశువు బ్రెజిలుకు పోయి అక్కడ నెలోరె అన్న పేరుతో ఆ దేశపు మాంసపు పశువుల్లో అత్యధిక భాగం అయింది. ఇంతటి పశుసంపద ఉన్నచోట కార్జపు జలగను మొదట పట్టింది తొమ్మిదో తరగతి కుర్రవాడు.

జున్నుపాల సంగతికి వద్దాం. మావి పడేదాకా దూడకు పాలు తాగించకూడదని మన ఇళ్ళలో గట్టి నమ్మకం. ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి ఈ విషయం మీద వాళ్ళ అవ్వతో తగువు పెట్టుకుంది. గేదె గర్భంలో ఉండగా తల్లి రక్తంలోని రోగనిరోధక శక్తి దూడకు చేరదు. అది జున్నుపాల ద్వారానే రావాలి. దాన్ని పేగులు పీల్చుకొనే శక్తి గంట గంటకూ తగ్గిపోయి, ఒక రోజు దాటితే దాదాపు ఏమీ మిగలదు. అందుకని పుట్టిన గంట రెండు గంటలలోపే మొదలుపెట్టి, ఆ రోజంతటిలో దూడ బరువులో పదోవంతు, అంటే 30 కిలోల దూడకు 3 లీటర్లు పట్టాలి. పైగా దూడ చీకితే మావి పడటానికి సాయమే అవుతుంది. అమ్మాయి ఇదంతా పుస్తకం తెరిచి చదివింది. అవ్వ, "సరే, తాగించు. మావి పడకపోతే నీ చదువు సంగతి తేలుస్తా," అన్నది. దూడ తాగింది. నాలుగు గంటలకు మావి పడింది. అవ్వ ఓడిపోయినట్టు ఒప్పుకోలేదు, "ఈ గేదె మంచిది కాబట్టి పడింది," అన్నది. తరువాతి ఈతకు మాత్రం ఎవరూ చెప్పకుండానే దూడను తానే పొదుగు దగ్గరికి తోసిందట. జున్ను ఇరుగుపొరుగుకు పంచే మర్యాద పోతుందని భయపడనక్కరలేదు. దూడ తాగగా ఇంకా మిగులుతాయి.

పిల్లల చేత చేయించకూడని పనులు కూడా చెప్పుకోవాలి. మేత మేస్తున్న పశువు ఉన్నట్టుండి కూలి చనిపోయి, ముక్కు నుంచో పాయువు నుంచో గడ్డకట్టని నల్లటి రక్తం కారితే అది దొమ్మ కావచ్చు. చర్మం ఒలవకూడదు, కోయకూడదు, పిల్లలను ఆ దరికి రానివ్వకూడదు. దాని బీజాలు మట్టిలో దశాబ్దాల తరబడి బ్రతికి ఉంటాయి. డాక్టరుకు చెప్పి, సున్నం వేసి లోతుగా పూడ్చాలి. ఈసుకుపోయిన పిండాన్ని, మావిని వట్టి చేతులతో ఎత్తకూడదు. ఈసుడు రోగం మనిషికీ అంటుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. గేదె చొంగ కారుస్తూ మింగలేకపోతుంటే గొంతులో ఏదో అడ్డం పడిందని నోట్లో చెయ్యి పెట్టి వెతకడం మన ఊళ్ళలో అలవాటు. అది పిచ్చికుక్క కరిచిన గేదె అయితే ఆ చెయ్యి ప్రాణం మీదికి తెస్తుంది. చెయ్యి పెట్టకుండా డాక్టరును పిలవాలి. చొంగ గీరుకున్న చోట తగిలిందంటే పదిహేను నిమిషాలు సబ్బు నీళ్ళతో కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి టీకా మొదలుపెట్టాలి. 1885 జూలై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ మొదటిసారి ఆ టీకా వేసింది జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ పిల్లవాడికి. ఏటా జూలై 6న పశువుల నుంచి మనుషులకు వచ్చే వ్యాధుల దినం జరుపుకోవడం అందుకే. మన బడిలో ఆ కథ చెప్పినప్పుడు పిల్లలు మైస్టరు తరువాత ఏమయ్యాడని అడిగారు. బ్రతికి పెద్దవాడై పాశ్చర్ సంస్థలోనే కాపలాదారుగా పనిచేశాడు.

చదువుకొనే పిల్లలకు ఈ పేడ పనులు ఎందుకని ఒక తండ్రి మమ్మల్ని సూటిగా అడిగారు. చదువు పక్కన పని ఉండాలని 1964-66 నాటి కొఠారి కమిషన్ చెప్పింది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ దాన్నే సమాజోపయోగ ఉత్పాదక పని అన్నది. మన బడుల్లో అది ఎక్కువగా అట్టముక్కలతో బొమ్మలు చేయడం దగ్గర ఆగిపోయింది. అమెరికాలో 1902లో ఒహాయో రాష్ట్రపు క్లార్క్ కౌంటీలో ఏ.బి. గ్రాహం అనే పాఠశాలల పర్యవేక్షకుడు పిల్లలతో వ్యవసాయ క్లబ్బు పెట్టాడు. పెద్దలు కొత్త పద్ధతులను నమ్మని చోట పిల్లలు చేసి చూపిస్తే నమ్మారన్నది ఆ క్లబ్బుల అనుభవం. మన అవ్వ కథ కూడా అదే కదా. ఉద్యోగం సంగతి అడిగేవారికి మరొక మాట. 2005లో తిరుపతి కేంద్రంగా ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద పదో తరగతి తరువాత చేరే రెండేళ్ళ పశుసంవర్ధక డిప్లొమా ఉంది.

పెద్దల దగ్గర పిల్లలు నేర్చుకోవలసిందీ ఉంది. ఒక శనివారం రిండర్‌పెస్టు మాట వచ్చింది. ఆ పేరే పిల్లలు వినలేదు. వినకపోవడమే మంచిది, 2011లో ప్రపంచం మీద నుంచే ఆ రోగం పోయింది. మన దేశంలో 1954 నుంచి ఊరూరా టీకాలు వేసి, 2006 నాటికి దేశానికి రోగవిముక్తి గుర్తింపు సంపాదించారు. ఒక తాతగారిని పిలిపిస్తే, చిన్ననాడు తమ పాకలో ఒక్క వారంలో పశువులన్నీ ఎట్లా ఖాళీ అయినాయో చెప్పారు. టీకా మీద మా ఉపన్యాసాలన్నీ ఆయన మాటల ముందు చాలలేదు.

చివరగా మీకు ఇబ్బందిగా ఉండే ప్రశ్న ఒకటి. మేము కాదు, ఒక పదో తరగతి పిల్లవాడు అడిగాడు. "పొదుగువాపుకు మందు ఎక్కించిన గేదె పాలు ఎన్నాళ్ళు సంఘానికి పొయ్యకూడదు సార్?" మందు మీద రాసిన గడువు తీరేదాకా, సాధారణంగా మూడు నాలుగు రోజులు పోయకూడదని చెప్పాం. "మరి మా నాయన పోస్తున్నాడే," అన్నాడు. తరగతిలో ఎవరూ నవ్వలేదు. ఆ మూడు రోజుల పాలడబ్బు లేకపోతే చిన్న రైతు ఇంట్లో జరుగుబాటు కష్టమని మాకు తెలుసు. ఆ పాలు క్యానులో కలిస్తే ఊరందరి పాలూ చెడతాయని మీకూ తెలుసు. ఆ రోజులకు సంఘం లాభంలో నుంచి కొంత సర్దుబాటు చేయగలదా అన్నది మీ పాలకవర్గం తేల్చవలసిన విషయం. వచ్చే మహాజనసభలో దీన్ని పెట్టవలసిందిగా మనవి.

ఇక ఏర్పాట్లు. ప్రతి సంఘం ఒక థర్మామీటరు, ఒక నల్లగుడ్డ గిన్నె కొని పాలకేంద్రంలో ఉంచాలి. పిల్లలు సంతకం పెట్టి తీసుకువెళతారు. పశువు తేడాగా ఉన్నదని పిల్లవాడు చెబితే ముందు పుస్తకం చూడండి, తరువాత గ్రామ పశుసంవర్ధక సహాయకుడికి గాని 1962 నంబరుకు గాని ఫోను చెయ్యండి. వచ్చే శనివారం పాఠం గిట్టలు, కాళ్ళ కుంటు గురించి. సాధువైన గేదె ఒకటి కావాలి. తెచ్చేవారు సాయంత్రం నాలుగు గంటలకు బడి వెనక వేపచెట్టు దగ్గరికి తోలుకురండి. పలుపు గట్టిది కట్టండి, పోయినసారి తెంచుకొని హెడ్మాస్టరు గారి పూలమొక్కలన్నీ మేసింది.