కొత్త పద్ధతి ఖర్చు ఎవరిది?
(డాక్టర్ కె.ఎల్. రావు స్మారకోపన్యాసం)



కానూరి లక్ష్మణరావుగారి పేరిట మాట్లాడమని పిలిచినప్పుడు ఆయన జీవితచరిత్ర చెప్పాలన్న ఆలోచన నాకు రాలేదు. 1902లో కంకిపాడులో పుట్టిన ఆ మహానుభావుడి చదువు, పదవులు, ప్రాజెక్టులు ఈ సభలో ఉన్నవారికి కొత్తవి కావు. పులిచింతల జలాశయానికి ఆయన పేరే పెట్టుకున్నాం. ఆయన చేయి పడిన ఒక్క నిర్ణయాన్ని ముందు పెట్టుకుని, ఇవాళ మన నిర్మాణరంగంలో మార్పు ఎందుకు నిలదొక్కుకోవడం లేదో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

నాగార్జునసాగర్ ఆనకట్టను రాతికట్టుగా కట్టాలన్నది ఆ నిర్ణయం. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. దాదాపు అదే రోజుల్లో సట్లెజ్ మీద భాక్రాలో కాంక్రీటు పోత మొదలైంది. అక్కడ హార్వే స్లోకమ్ అనే అమెరికన్ నిపుణుడు ఉన్నాడు, విదేశీ యంత్రాలు ఉన్నాయి. ఇక్కడ సిమెంటుకు కరువు, యంత్రాలు కొనే విదేశీ మారకద్రవ్యానికి కరువు. పని కోసం చూసే చేతులకు మాత్రం కరువు లేదు. అందుకని రాయి, మనిషి ఆధారంగా నూట ఇరవై మీటర్లకు పైగా ఎత్తున్న ఆనకట్టను లేపారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు.

రాతికట్టు అని కాగితం మీద రాయడం తేలిక. రాసినవాళ్లు దాని వెంట వచ్చే పనులన్నీ తలకెత్తుకోవాల్సి వచ్చింది. క్వారీలు తెరవాలి. రాళ్లు కొట్టేవాళ్లను, మోసేవాళ్లను, పేర్చే తాపీవాళ్లను వేల సంఖ్యలో రప్పించాలి. పరంజాలు కట్టాలి. సందు మిగలకుండా వరస వరసనూ చూసే మనుషుల్ని తయారుచేసుకోవాలి. సాగర్‌లోని హిల్ కాలనీ, పైలాన్ కాలనీ అలాంటి అవసరంలోంచి పుట్టినవే. ఆ కూలీల కష్టానికి తగిన లెక్క కట్టామని నేను అనను. ఆ పని మీద ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు, వాళ్ల పేర్లు మన పాఠ్యపుస్తకాలకు ఎక్కలేదు. అయినా ఒక సంగతి ఒప్పుకోవాలి. పద్ధతిని ఎవరు ఎంచుకున్నారో, ఆ పద్ధతికి తగ్గట్టు మనుషుల్ని, డబ్బుని, ఊరిని అమర్చే భారం కూడా వాళ్లే మోశారు.

ఇవాళ మన సైటు ఎలా ఉంటుందో మీకు తెలుసు. యజమాని, ఆర్కిటెక్టు, పర్యవేక్షణ కన్సల్టెంటు, ప్రధాన కాంట్రాక్టరు, ఆయన కింద సబ్ కాంట్రాక్టర్లు, వాళ్ల కింద లేబర్ కాంట్రాక్టరు, అతని కింద గుంపు మేస్త్రి, ఆ మేస్త్రి వెనక పదిమందో ఇరవైమందో. దీన్ని ఒక సంస్థ అనుకుని 'సంస్థాగత మార్పు' గురించి శిక్షణ తరగతులు పెడుతున్నాం. ఇది ఒక సంస్థ కాదు, రెండు మూడేళ్లకు కలిసి విడిపోయే ఒప్పందాల వరస. ఒక భవనంలో నేర్చుకున్నది తర్వాతి భవనానికి చేరకుండానే గుంపులు చెదిరిపోతాయి. పైన నిర్ణయం జరుగుతుంది, దాన్ని నేర్చుకునే ఖర్చు కింద పడుతుంది. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఇదే. మిగతాదంతా దీనికి సాక్ష్యం.

అల్యూమినియం షటరింగ్, అంటే కాంక్రీటును ఆకారంలో పట్టి ఉంచే పలకల అచ్చు సంగతి చూడండి. మైవాన్ అని మనవాళ్లు పిలిచేది. హైదరాబాదు పడమటి వైపు లేస్తున్న ఎత్తయిన టవర్లలో చాలా వాటిని ఇప్పుడు దానితోనే కడుతున్నారు. గోడ, స్లాబు ఒకేసారి పోస్తారు. చేతులు తిరిగాక వారం పది రోజులకో అంతస్తు లేస్తుంది. దీన్ని కొనేటప్పుడు యజమాని లెక్క వేసేది వేగం ఒక్కటే. కానీ ఆ పలకలు సైటుకు దిగిన రోజున మారేవి ఎన్నో ఉన్నాయి. ఇటుక గోడ లేదు కనుక తాపీ మేస్త్రికి పని తగ్గిపోతుంది. ప్లాస్టరింగ్ గుంపుకి దాదాపు పనే ఉండదు. పాత పద్ధతిలో గోడ కట్టాక దాన్ని కొట్టి పైపు దించే ఎలక్ట్రీషియను ఇప్పుడు కాంక్రీటు పోయకముందే, రాడ్డు కట్టే సమయంలోనే అక్కడ ఉండాలి. స్విచ్చిబోర్డు ఎక్కడో నిర్ణయించకపోతే పోత ఆగిపోతుంది. ఫ్లాటు కొన్నవాళ్లు వంటింటి గోడ జరపమంటే ఇక కుదరదు. అంటే డ్రాయింగు ముందే ఖరారు కావాలి. ఆర్కిటెక్టు ఆఫీసులో ఆలస్యానికి అలవాటుపడ్డ పని తీరు మారాలి, అమ్మకాల విభాగం ఇచ్చే మాట మారాలి. షటరింగ్ మార్చామనుకుంటాం, నిజానికి ఎవరి మాట ఎప్పుడు చెల్లుతుందన్న వరసంతా మారుతుంది.

ఇక మేస్త్రి వైపు నుంచి చూద్దాం. అతనికి చదరపు మీటరు లెక్కన రేటు. మొదటి అంతస్తుకు వారాలు పడతాయి. పలక పలకకూ నంబరు ఉంటుంది, ఏది ఎక్కడిదో తెలియదు, పిన్నులు పోతాయి, తప్పుగా బిగిస్తే విప్పి మళ్లీ బిగించాలి. ఆ వారాల్లో గుంపుకు గిట్టుబాటు ఉండదు. ఊళ్లో పిల్లల ఫీజు ఆగదు, తెచ్చిన అడ్వాన్సు తీరదు. రెండో అంతస్తు పూర్తికాకముందే గుంపు వేరే సైటుకు వెళ్లిపోతుంది. కొత్త గుంపు వస్తుంది, మళ్లీ మొదటి అంతస్తు నుంచే నేర్చుకుంటుంది. 'లేబర్‌కి మార్పు ఇష్టం ఉండదు' అని మీటింగులో రాసుకుంటాం. ఆ మాట ఎన్నో మీటింగుల్లో విన్నాను, విన్న ప్రతిసారీ నాకు బాధ కలిగింది. రోజు గడవడం కష్టమైన మనిషి నుంచి నేర్చుకునే రోజుల నష్టాన్ని వసూలుచేసి, అతనికి ఇష్టం లేదంటున్నాం.

ఈ చిక్కును ఎదురుగా చూసి, ఒప్పందం స్థాయిలోనే విప్పిన ఉదాహరణ ఒకటి లండన్‌లో ఉంది. అదీ ఒక ప్రమాదంలోంచి మొదలైంది. 1994 అక్టోబరు 21 తెల్లవారుజామున హీత్రో విమానాశ్రయం నడిబొడ్డున, కొత్త రైలుమార్గం కోసం తవ్వుతున్న సొరంగం కూలిపోయింది. పైనున్న భవనాలు కుంగాయి. అదృష్టవశాత్తు ఎవరికీ దెబ్బ తగలలేదు. తర్వాత 1999లో భద్రతా చట్టం కింద కాంట్రాక్టరుకు 12 లక్షల పౌండ్లు, సొరంగం నిపుణులైన సలహా సంస్థకు 5 లక్షల పౌండ్లు జరిమానా పడింది. శిక్ష సంగతి అది. పని సంగతి వేరు. విమానాశ్రయ యజమాని బీఏఏ, కూలిన వెంటనే కాంట్రాక్టరును వెళ్లగొట్టి కోర్టుకెక్కగలిగేది. అలా చెయ్యలేదు. అందరినీ ఒకే జట్టుగా కూర్చోబెట్టింది. కూలిన చోట 60 మీటర్ల వ్యాసంతో పెద్ద బావిలాంటి కట్టడం దింపి, దాని లోపలి నుంచి పని పూర్తిచేశారు. 1998లో రైలు నడిచింది.

అప్పట్లో బీఏఏ అధిపతి సర్ జాన్ ఈగన్. కార్ల పరిశ్రమ నుంచి, జాగ్వార్ కంపెనీ నుంచి వచ్చినవాడు. బ్రిటిష్ ప్రభుత్వం కోసం ఆయన అధ్యక్షతన తయారైన 'రీథింకింగ్ కన్‌స్ట్రక్షన్' నివేదిక 1998లో వచ్చింది. ఏటా ఖర్చులో, కాలంలో 10 శాతం తగ్గించాలి, లోపాల్లో, ప్రమాదాల్లో 20 శాతం తగ్గించాలి అన్నది అందులోని లక్ష్యం. లక్ష్యాలు రాయడం మనకూ వచ్చు. నన్ను ఆకట్టుకున్నది ఆ తర్వాత హీత్రో అయిదో టెర్మినల్ కోసం బీఏఏ రాసుకున్న ఒప్పందం. ప్రాజెక్టులోని నష్టభయం మొత్తం యజమానిదే అని ఆ ఒప్పందం చెప్పింది. కాంట్రాక్టరుకు అయిన ఖర్చు లెక్క చూపితే చెల్లిస్తారు, లాభం ముందే ఖరారు. మొత్తం పనికి బీమా యజమానే తీసుకుంటాడు. ఖాతాపుస్తకాలు తెరిచి ఉండాలి. అనుకున్నదానికంటే మెరుగ్గా చేస్తే మిగులులో వాటా.

ఇది దానం కాదు, వ్యాపారపు లెక్కే. నష్టాన్ని కింది వాడి మీదకు తోస్తే అతను ధరలో దాన్ని కలుపుతాడు, తప్పు జరిగితే దాస్తాడు, చివరికి కోర్టులో కలుసుకుంటాం. నష్టం తనది కాదన్నప్పుడు తప్పు బయటికి చెబుతాడు. ఆ టెర్మినల్ పైకప్పును యార్క్‌షైర్‌లో ముందుగా ఒక భాగం నిలబెట్టి చూసుకున్నారు. ఎక్కడ బిగుసుకుంటుందో, ఎక్కడ సరిపోదో అక్కడే తెలుసుకుని, ఆ తర్వాత హీత్రోకు తెచ్చారు. తప్పులు చెయ్యడానికి చోటు, డబ్బు విడిగా కేటాయించినట్టయింది. 2002లో మొదలైన నిర్మాణం 430 కోట్ల పౌండ్ల ఖర్చుతో, ప్రకటించిన తేదీకే ప్రారంభానికి చేరింది.

కథ అక్కడితో ఆగితే నేను దాన్ని ఇంతసేపు చెప్పేవాణ్ణి కాదు. 2008 మార్చి 27న టెర్మినల్ తెరిచారు. మొదటి రోజే సామాన్ల వ్యవస్థ చేతులెత్తేసింది. ఉద్యోగులకు బండి పెట్టుకునే చోటు దొరకలేదు, భద్రతా తనిఖీ దాటడం ఆలస్యమైంది, కంప్యూటర్లలోకి లాగిన్ కాలేకపోయారు. పరీక్షల కోసం పెట్టిన ఒక సాఫ్ట్‌వేర్ అడ్డును తీసేయడం మరిచిపోవడంతో సందేశాలు అందలేదు. విమానాలు వందల్లో రద్దయ్యాయి, వేల పెట్టెలు పేరుకుపోయాయి. భవనం పనులు చివర్లో ఆలస్యమవడంతో ఉద్యోగుల శిక్షణనూ, పరీక్షలనూ కుదించారని తర్వాత ఆ టెర్మినల్‌ను వాడే బ్రిటిష్ ఎయిర్‌వేస్ అధిపతే ఒప్పుకున్నారు. బ్రిటిష్ పార్లమెంటు సంఘం దీని మీద నివేదిక ఇచ్చింది. కట్టేవాళ్లు నేర్చుకోవడానికి అంత శ్రద్ధగా చోటిచ్చిన చోటే, అందులో పనిచేయబోయేవాళ్లకు ఆ చోటు దక్కలేదు. మార్పులో ఎక్కడ నేర్చుకునే కాలాన్ని కోస్తామో సరిగ్గా అక్కడే అది విరుగుతుంది. దీనికి అయిదో టెర్మినల్ కంటే స్పష్టమైన రుజువు నాకు తెలియదు.

మళ్లీ మన సైట్లకు వద్దాం. ఒక గృహసముదాయంలో రోజువారీ పని వివరాలు, తనిఖీలు టాబ్లెట్‌లో నమోదు చెయ్యాలని ఆదేశం వచ్చింది. ఆ సైటును నేను దగ్గర నుంచి చూశాను, కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు. పగలంతా పని మేస్త్రి నోటుపుస్తకం మీదే నడిచేది. రాత్రి ఎనిమిదికి సైటు ఇంజనీరు ఆ నోటుపుస్తకం ముందేసుకుని టాబ్లెట్ నింపేవాడు. కారణం చాలా మామూలుది. బిల్లు పాస్ కావడానికి కావలసింది ఎం-బుక్కు, అంటే కొలతల పుస్తకం. టాబ్లెట్‌లోని కొలతకు డబ్బు రాలదు. కొత్త పద్ధతి పాతదాని స్థానంలోకి రాలేదు, దాని పైన ఒక బరువుగా కూర్చుంది. ఏ రోజు టాబ్లెట్‌లోని కొలత మీద రన్నింగ్ బిల్లు పాస్ అవుతుందో ఆ రోజు నోటుపుస్తకం దానంతటదే మూతపడుతుంది. అంతవరకు ఎన్ని శిక్షణ తరగతులు పెట్టినా అది ఆ కుర్ర ఇంజనీరు నిద్ర తినే పనే.

మన దగ్గర ఏమీ లేదనడం న్యాయం కాదు. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో కేంద్రం చట్టం తెచ్చింది, నిర్మాణ వ్యయం మీద 1 శాతం సెస్సు వసూలైంది. 1998లో హైదరాబాదులో జాతీయ నిర్మాణ అకాడమీ, మనం న్యాక్ అని పిలిచేది, మొదలై తాపీ నుంచి ఎలక్ట్రికల్ వరకు యువతకు పనులు నేర్పుతోంది. పాలమూరు కూలీలైతే దేశంలో ఎన్ని ఆనకట్టల మీద పనిచేశారో చెప్పనక్కర్లేదు. నైపుణ్యం ఉన్న జనం, నేర్పే సంస్థ, వసూలయ్యే డబ్బు మూడూ మనకున్నాయి. కలపవలసిన చోటు టెండరు. ఆ టెండరు మాత్రం ఇప్పటికీ తక్కువ రేటు ఎవరిదన్న ఒక్క ప్రశ్నే అడుగుతోంది. కొత్త పద్ధతి నేర్పడానికి రోజులు లెక్కలో వేసుకున్న కాంట్రాక్టరు ఆ రోజుల ఖర్చు కలిపినందుకే ఓడిపోతాడు. వేసుకోనివాడు గెలిచి, ఆ ఖర్చును మేస్త్రి మీదకు దింపుతాడు.

ఈ సభలో టెండర్లు రాసేవాళ్లు, ఆమోదించేవాళ్లు, రేపు ఆ కుర్చీల్లో కూర్చోబోయే విద్యార్థులు ఉన్నారు. మీకు ఒక విన్నపం. ఈ ఏడాది మీ చేతి మీదుగా వెళ్లే ఒక్క టెండరులోనైనా, కొత్త పద్ధతి ఏది పెట్టినా, మొదటి మూడు అంతస్తులకు గుంపుకు రేటు కాకుండా రోజుకూలీ చెల్లించేలా విడిగా ఒక ఐటెమ్ రాయండి. దాని మీద పోటీ రేట్లు అడగకండి, మొత్తం మీరే నిర్ణయించి ఉంచండి. నాలుగో అంతస్తు నుంచి మామూలు రేటుకు మార్చండి. భవనంలో పనిచేయబోయే సిబ్బంది శిక్షణకు కూడా అలాగే తేదీలు రాసి, పని ఆలస్యమైతే శిక్షణ తేదీలు కాక ప్రారంభోత్సవమే వెనక్కి జరుగుతుందని ఒప్పందంలో చేర్చండి. పైవాళ్లు ఆ ఐటెమ్‌ను కొట్టేస్తే, ఎందుకు కొట్టేశారో ఫైలు మీద సంతకంతో రాయించండి.