వాన పడింది సరే, నీళ్లెక్కడికి పోయాయి?

(మండల రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



వాన ఎంత పడిందో మనం రోజూ మాట్లాడుకుంటాం. నేలలో ఎంత ఇంకిందో మాట్లాడుకోం. ఎకరాలో ఒక్క మిల్లీమీటరు వాన అంటే సుమారు 4,000 లీటర్లు. 30 మిల్లీమీటర్లు పడితే 5,000 లీటర్ల ట్యాంకర్లు 24 మన చేలో దిగినట్టు. అందులో వేళ్లకు అందిందెంత, వంకపాలైందెంత?

అనంతపురం ఎర్రనేలలు చూడండి. ఏమీ వేయని నేల మీద చినుకు నేరుగా మట్టిని కొడుతుంది. సన్నమట్టి చెదిరి నేల కన్నాలను పూడ్చేస్తుంది. ఎండ కాయగానే పైన పెచ్చు కడుతుంది. తర్వాతి వాన దాని మీద జారిపోవడమే. అయితే బీళ్లన్నీ ఒకటి కావు. గడ్డి దట్టంగా ఉన్న బీడులో చచ్చిన వేళ్ల దారులు, చెదలు, వానపాముల బొరియలు ఉంటాయి. నీళ్లు వాటి వెంట దిగుతాయి. పశువులు తొక్కిన బోడి బీడు మాత్రం గచ్చుతో సమానం.

మరి దున్నిన చేను? మొదటి వాన బాగానే దిగుతుంది. కానీ ఏటా అదే లోతులో దున్నితే, ట్రాక్టరు బరువూ తోడైతే, దుక్కి కింద గట్టిపొర కడుతుంది. రోటవేటరు పైమట్టిని పిండి చేస్తుందే గానీ ఆ పొరను తాకదు. నీళ్లు అక్కడ ఆగి పక్కకు పోతాయి, వేరుశనగ వేరూ అక్కడే వంగిపోతుంది. పది రోజులు వాన మొహం చాటేస్తే చేను వాడిపోయేది అందుకే. వేసవిలో లోతు దుక్కి, వాలుకు అడ్డంగా సాళ్లు, వాన వెలిశాక పదునులో గుంటక – ఇవి మన పెద్దలకు తెలిసినవే.

నల్లరేగడి తీరు వేరు. ఎండలో పగుళ్లిస్తుంది, తొలకరి నీళ్లు పగుళ్లలోంచి లోతుకు పోతాయి. తడిశాక ఉబ్బి పగుళ్లు మూసుకుంటాయి, ఇక ఇంకడం చాలా నెమ్మది. నంద్యాల, కర్నూలు వైపు వానకాలమంతా చేను ఖాళీగా ఉంచి రబీలో శనగ వేసేవాళ్లున్నారు. తడి రేగడిలో అడుగు పెట్టలేం, నిజమే. కానీ పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో 1976 నుంచి ఈ రెండు పద్ధతులనూ పక్కపక్కన పెట్టి చూశారు. ఎత్తు మడులు, కాలువలు చేసి వానకాలం కూడా పంట వేసిన చేనుకన్నా ఖాళీగా ఉంచిన చేనులోంచి దాదాపు నాలుగు రెట్లు మట్టి కొట్టుకుపోయింది.

ఇది రైతు ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. కౌలు రైతు మూడేళ్ల తర్వాత తనది కాని చేనుకు గట్టు ఎందుకు వేస్తాడు? గట్టిపొర పగలగొట్టే నాగలి ఊరికొకటైనా అద్దెకు దొరకాలి. ఉపాధి పనుల్లో కౌలు చేలకూ గట్లు వేయాలి. వాతావరణ బీమా లెక్క వర్షమాపకం దగ్గరే ఆగిపోతోంది, నేల తడినీ చూడాలి. వినతిపత్రంలో ఈ మూడూ పెడుతున్నాం.

ఈసారి వాన వెలిసిన మర్నాడు గడ్డపారతో దున్నిన చేలో ఒకచోట, బీడులో ఒకచోట తవ్వండి. తడి ఎన్ని అంగుళాలు దిగిందో రాసుకొని వచ్చే సమావేశానికి తీసుకురండి. అధికారుల ముందు ఆ అంకెలు పెడదాం.