పిట్టగోడ ఒక శాఖ, పరిహారం ఇంకో శాఖ

(కోలారు గనుల ప్రాంతంలో జరిగిన తెలుగు క్రైస్తవ యువజన కూడికలో ఒక పాస్టర్ చేసిన ప్రసంగ పాఠం)



తెల్లవారకముందే మారికుప్పం రైలెక్కి బెంగళూరు పనికి వెళ్లి, రాత్రికి తిరిగొచ్చేవాళ్లు ఇక్కడ ఎంతమంది? ఒకసారి చేతులెత్తండి. సగానికి పైనే ఉన్నారు. మీ తాతలు గనిలోకి దిగారు, మీరు రైలెక్కుతున్నారు. అప్పుడైనా ఇప్పుడైనా ఇంట్లో అమ్మ చేసే ప్రార్థన ఒకటే. వెళ్లిన బిడ్డ వెళ్లినట్టే తిరిగి రావాలని. ఈ సాయంకాలం ఆ ప్రార్థన గురించీ, దానికి జవాబివ్వాల్సిన ప్రభుత్వ కార్యాలయాల గురించీ మాట్లాడతాను.

ముందు వాక్యం చూద్దాం. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనం. కొత్త ఇల్లు కట్టుకున్నవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టించాలి. ఎవరైనా పైనుంచి పడితే ఆ రక్తాపరాధం ఆ ఇంటిమీదికి వస్తుంది. ఇప్పుడు నిర్గమకాండము 21వ అధ్యాయం తీయండి. 19వ వచనంలో, గాయపరచినవాడు గాయపడినవాడికి పని పోయిన రోజుల నష్టం చెల్లించి, పూర్తిగా బాగయ్యేలా చూడాలి. 26, 27 వచనాల్లో దాసుడి కన్ను పోయినా, పన్ను ఊడినా యజమాని అతన్ని విడిచిపెట్టాలి. 33, 34 వచనాల్లో గొయ్యి తవ్వి మూయకుండా వదిలేసినవాడు, అందులో పడిన ఎద్దు వెల చెల్లించాలి.

గమనించారా? గొయ్యి మూయవలసినవాడూ వెల చెల్లించవలసినవాడూ ఒక్కడే. పడకుండా చూడడం, పడితే ఆదుకోవడం, రెండూ ఒకే ధర్మశాస్త్రంలో, ఒకే మనిషి మీద ఉన్నాయి. మన దేశంలో ఈ రెంటినీ విడదీసి వేర్వేరు కార్యాలయాలకు పంచాం. ఆ పంపకం మధ్యలో మన పిల్లల వేళ్లు పోతున్నాయి.

మాటవరసకు అనడం లేదు. మా సంఘంలో ఒక కుర్రాడున్నాడు. ఇరవై అయిదేళ్లప్పుడు రేకులు వంచే ప్రెస్ మిషన్ మీద కుడిచేతి మూడు వేళ్లు పోగొట్టుకున్నాడు. ఆ మిషన్‌కు ఉండవలసిన గార్డును పని త్వరగా సాగాలని ఎప్పుడో తీసేశారు. యజమాని అతన్ని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చి బిల్లు కట్టాడు. ఆస్పత్రి కాగితం మీద ‘ఇంట్లో గాయం’ అని రాయించాడు. ఇరవై వేల రూపాయలు చేతిలో పెట్టి, ఇక ఏ బాకీ లేదని సంతకం పెట్టమన్నాడు. కుర్రాడి అమ్మ నా దగ్గరికి వచ్చి, “ఏం చేయమంటారు అయ్యగారూ?” అని అడిగింది. నేనేమన్నానో తెలుసా? “తీసుకోండమ్మా, కోర్టుల చుట్టూ ఎక్కడ తిరుగుతాం?” అన్నాను. వేదాంత కళాశాలలో డిగ్రీ పుచ్చుకుని, వేదికల మీద న్యాయం గురించి ప్రసంగాలు చేసే నేను, ఆ తల్లికి ఇచ్చిన సలహా అది. ఆ పాపం ఈ వేదిక మీద ఒప్పుకుంటున్నాను.

తర్వాత ఒక న్యాయవాది సహోదరి లెక్క కట్టి చూపించింది. ఉద్యోగుల నష్టపరిహార చట్టం 1923 నాటిది. ఆ చట్టం పట్టికలో ఒక చేతి మూడు వేళ్లు పోతే సంపాదన శక్తిలో 30 శాతం నష్టం. నెల జీతం 12,000. అందులో 60 శాతాన్ని, 25 ఏళ్ల వయసుకు చట్టం ఇచ్చిన 216.91 అనే అంకెతో హెచ్చవేయాలి. వచ్చినదానిలో 30 శాతం తీస్తే 4 లక్షల 68 వేలు దాటుతుంది. మేం ఇరవై వేలకు సంతకం పెట్టించాం! అయితే హక్కు వదులుకుంటున్నానని రాసిచ్చిన కాగితం ఆ చట్టం ముందు చెల్లదని కూడా ఆమే చెప్పింది. అప్పుడు మాకు ధైర్యం వచ్చింది.

అక్కడినుంచి తిరగడం మొదలైంది. ఫ్యాక్టరీల తనిఖీ శాఖకు వెళ్తే, “హాజరు పట్టీలో 8 మందే ఉన్నారు, మా పరిధిలోకి రాదు” అన్నారు. లోపల పనిచేసేది 14 మంది అని మేం చెప్పినా, పట్టీయే వాళ్లకు సాక్ష్యం. ఈఎస్ఐ కార్యాలయానికి వెళ్తే, “అలాంటి సంస్థ మా దగ్గర నమోదు కాలేదు” అన్నారు. చివరికి కార్మిక శాఖలో పరిహారం వినే అధికారి మా అర్జీ తీసుకున్నారు. ఆయన మంచివాడే. కాని ఏ మిషన్ వేళ్లు తీసిందో దాన్ని ఆపే అధికారం ఆయనకు లేదు, ఆపగల శాఖకు ఆయన దగ్గరినుంచి కబురు వెళ్లలేదు. మా వాయిదాలు నడుస్తుండగానే అదే ప్రెస్ మీద ఇంకో పిల్లవాడి రెండు వేళ్లు పోయాయి. ఈసారి ఒడిశానుంచి వచ్చిన పిల్లవాడు. మా కేసు గెలిచాం, డబ్బు వచ్చింది. కాని ఆ రెండో పిల్లవాడి చెయ్యి చూసిన రోజున మేం గెలిచామని నాకు అనిపించలేదు.

ఎందుకిలా జరుగుతోంది? ఫ్యాక్టరీలో భద్రత చూసేది రాష్ట్ర ప్రభుత్వపు ఫ్యాక్టరీల శాఖ. ఈఎస్ఐ నడిపేది కేంద్రం కింది కార్పొరేషన్. ఈఎస్ఐ లేనివాళ్లకు పరిహారం తేల్చేది రాష్ట్ర కార్మిక శాఖలోని కమిషనర్. గని అయితే కేంద్రం కింద మరో డైరెక్టరేట్, భవన నిర్మాణ కార్మికులైతే సంక్షేమ బోర్డు. పెద్ద ప్రమాదం జరిగితే యజమాని భద్రతా శాఖకు ఒక నివేదిక, పరిహారం కమిషనర్‌కు ఇంకో నివేదిక పంపాలి. ఆ రెండు కాగితాలు ఒకే బల్లమీదికి రావడం ఇన్నేళ్లలో నేను చూడలేదు.

రెండు కలిస్తే ఏం తెలుస్తుందో ఈ ఊరికంటే బాగా ఎవరికీ తెలియదు. కోలారు గనుల్లో రాతిధూళి పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు, సిలికోసిస్. 1930లలోనే వైద్యులు ఇక్కడ దాన్ని గుర్తించారు. మైసూరు సంస్థానం 1940లో సిలికోసిస్ నియమాలు తెచ్చింది. 1940–46 మధ్య 7,653 మంది కార్మికులను పరీక్షించిన వైద్యులు నూటికి 43 మందికి పైగా ఆ జబ్బు ఉందని తేల్చారు. అంతవరకు అది ‘దగ్గు’. ‘క్షయ’. ‘వాడికి తాగుడెక్కువ’. పరీక్ష చేసి లెక్క కట్టిన రోజున అది గనిలో వచ్చిన జబ్బయింది. ఎవరికి ఏం జబ్బు చేసిందన్న లెక్క దగ్గరుంటేనే ఎక్కడ నీళ్లు చల్లాలో, ఎక్కడ గాలి ఆడించాలో తెలుస్తుంది. 2001లో గనులు మూతపడ్డాయి. సైనైడ్ దిబ్బలు మిగిలాయి, దగ్గుతూ పోయిన తాతల ఫొటోలు మీ గోడలమీద మిగిలాయి.

ఇప్పుడు ప్రభుత్వం, “మేం అన్నీ కలిపేశాం” అంటోంది. నిజమే, 29 కార్మిక చట్టాలను 4 కోడ్‌లుగా చేశారు. 2025 నవంబర్ 21న అవి అమల్లోకి వచ్చాయి. కాని ఎలా కలిపారో చూడండి. భద్రతకు సంబంధించిన 13 చట్టాలు ఒక కోడ్‌లోకి, ఈఎస్ఐ, నష్టపరిహారం వంటి 9 చట్టాలు సామాజిక భద్రత కోడ్‌లోకి వెళ్లాయి. అంటే పిట్టగోడ ఒక పుస్తకంలో, పరిహారం ఇంకో పుస్తకంలో. పుస్తకాలు తగ్గాయి కాని, మధ్యలో గోడ అలాగే ఉంది.

మంచి లేదని నేను అనను. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలన్నారు. ఉచిత వార్షిక వైద్య పరీక్ష ఉంది. భద్రత పాటించక మరణమో తీవ్ర గాయమో జరిగితే, కోర్టు వేసే జరిమానాలో కనీసం సగం బాధితుడికో వారసులకో ఇవ్వమని ఆదేశించవచ్చు. రైలెక్కే మీకు ఇంకొక మాట. ఇంటినుంచి పనికి, పనినుంచి ఇంటికి వచ్చే దారిలో జరిగిన ప్రమాదం కూడా, పనితో సంబంధం రుజువైతే, పనిలో జరిగినట్టే లెక్క. ఈఎస్ఐ వాళ్లకు ముందే ఉన్న ఈ రక్షణను ఇప్పుడు మిగతావాళ్లకూ చేర్చారు.

కాని తీసేసినవి కూడా చూడాలి. కరెంటుతో నడిచే చోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ అయ్యేది, ఇప్పుడు 20 మంది ఉండాలి. మా కుర్రాడి షాపులో 14 మందినీ నిజాయితీగా పట్టీలో రాసినా అది ఇప్పుడు ఫ్యాక్టరీ కాదు. ఇన్‌స్పెక్టర్ పేరు ‘ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్’ అయింది. తనిఖీ చేసేవాడే యజమానికి సలహాదారు కూడా. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది, ఒడిశా దాదన్ కూలీల కష్టాలు బయటపడ్డాక వచ్చిన చట్టమది. అందులోని స్థానభ్రంశ భత్యం కొత్త కోడ్‌లో లేదు.

అయితే శాఖలన్నీ ఒక్కటి చేసేస్తే సరిపోతుందా? తొందరపడకండి. జర్మనీలో 1884 చట్టంతో ఏర్పడిన ప్రమాద బీమా సంఘాలు పరిహారం చెల్లిస్తాయి, భద్రతా నియమాలు రాస్తాయి, తమ తనిఖీదారులను పంపుతాయి. వాటికి తోడు ప్రభుత్వ తనిఖీ కూడా వేరే ఉంటుంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలోనూ తనిఖీ, పరిహారం ఒకే సంస్థ చేతిలో ఉన్నాయి. ఎక్కడ ఎక్కువమంది గాయపడుతున్నారో చెల్లించేవాడికి తెలుసు కాబట్టి తనిఖీ అక్కడికి వెళ్లగలదు. కాని ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ 2015లో ఇలాంటి ఒకే సంస్థను మూడు ముక్కలు చేసింది. బీమా నడిపేదీ, దానిమీద నిఘా పెట్టేదీ, భద్రత చూసేదీ ఒక్కరే అయితే ప్రయోజనాలు ఒకదానికొకటి అడ్డు వస్తాయన్నారు. అదీ నిజమే. డబ్బు చెల్లించే చెయ్యి, ఖర్చు తగ్గించుకోవడానికి గాయాన్నే చిన్నది చేసి రాసే ప్రమాదం ఉంది.

అందుకే నేను అడిగేది బోర్డులు మార్చమని కాదు. మూడే మాటలు. ఒకటి, పరిహారం అర్జీ పడిన రోజే దాని నకలు భద్రతా అధికారికి వెళ్లాలి, అతను వచ్చి ఆ మిషన్ చూసేదాకా అది నడవకూడదు. రెండు, ఆ అధికారి పరిహారం చెల్లించేవాళ్ల కింద ఉండకూడదు, సంస్థలో ఎంతమంది ఉన్నా మిషన్ ఆపే అధికారం అతనికి ఉండాలి. మూడు, కార్మికుడికి మాత్రం ఒకే గుమ్మం ఉండాలి. ఆ గుమ్మం దగ్గర కన్నడతో పాటు తెలుగు, తమిళం, ఒడియా, హిందీ వినిపించాలి. లోపల ఎన్ని శాఖలు ఉన్నా అది వాళ్ల పని, తెగిన చెయ్యి పట్టుకుని తిరగడం కార్మికుడి పని కాకూడదు.

2025 జూన్ 30న పాశమైలారంలో రసాయన కర్మాగారం పేలి 40 మందికి పైగా చనిపోయారు. అందులో వలస కార్మికులున్నారు, ఒడిశా బిడ్డలూ ఉన్నారు. కుటుంబానికి కోటి రూపాయలు ప్రకటించారు. 2020లో విశాఖలో, 2024లో అచ్యుతాపురంలో కూడా కోటి ప్రకటించారు. ఇవ్వాల్సిందే, కాదనను. కాని కెమెరాలు వచ్చిన చోట కోటి, రాని చోట ఇరవై వేలు, సంతకం. షోలాపూర్‌లో బీడీలు చుట్టే మన ఆడపడుచుల దగ్గరికి, తమిళనాడులో పాకీ పనిచేసే మన తెలుగు బిడ్డల దగ్గరికి, రాయి కొట్టే వడ్డెర సహోదరుల దగ్గరికి ఏ కెమెరా వస్తుంది? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకు అలవాటైపోయింది.

చివరిగా మన పని. ప్రతి సంఘంలో ఒక నోటు పుస్తకం పెట్టండి. పనిలో ఎవరు గాయపడినా తేదీ, మిషన్, చోటు రాయండి. ఆస్పత్రిలో ‘పనిచేసే చోట గాయం’ అని రాయించండి. మిషన్ ఫొటో, జీతం చీటీ, పక్కన ఉన్నవాళ్ల పేర్లు దాచండి. ఈఎస్ఐ ఉందో లేదో ముందే తెలుసుకోండి, ఉంటే అందులోనే అడగాలి, లేకపోతే కమిషనర్ దగ్గర. ఆలస్యం చేయకండి. ఏ కాగితం మీదా చదవకుండా సంతకం పెట్టకండి, పాస్టర్ చెప్పినా సరే. పరిహారం అర్జీ వేసిన రోజే భద్రతా శాఖకు కూడా ఒక ఉత్తరం పంపి రసీదు తీసుకోండి. ప్రభుత్వం కలపని ఆ రెండు కాగితాలను అప్పటిదాకా మనమే కలుపుదాం. ఆ రోజు నేను అలాంటి ఉత్తరం ఒకటి రాసి, జవాబు వచ్చేదాకా వెంటపడి ఉంటే ఆ ఒడిశా పిల్లవాడికి రెండు వేళ్లు ఉండేవేమో.

కూలివాళ్ల మొర ప్రభువు చెవిని పడుతుందని యాకోబు పత్రిక 5వ అధ్యాయం చెబుతోంది. అది మన చెవిని కూడా పడాలి. రేపు తెల్లవారి రైలెక్కే ప్రతి బిడ్డనూ దేవుడు క్షేమంగా తిరిగి ఇంటికి చేర్చునుగాక. ఆమేన్.