స్కోలిన్ ఇచ్చే ముందు



మత్తు వల్ల ప్రాణం పోవడం ఇప్పుడు అరుదు. వేలికి తగిలించే పల్స్ ఆక్సిమీటరు, వదిలిన ఊపిరిలో కార్బన్ డయాక్సైడును కొలిచే యంత్రం ఆ ముప్పును బాగా తగ్గించాయి. అయితే యంత్రం చూపేది అప్పుడు జరుగుతున్నదాన్నే. జరగబోయేదాని జాడ ఒక్కోసారి రోగి ఇంట్లోవాళ్ల నోట ముందే ఉంటుంది. దాన్ని అడిగి రాబట్టడాన్ని మనం చిన్నపనిగా చూస్తున్నామని నా ఫిర్యాదు.

తెలుగువాళ్లకు దగ్గరి ఉదాహరణే చెబుతాను. గొంతులో గొట్టం వేయడానికి కండరాలను సడలించే సక్సామెథోనియం, థియేటర్ భాషలో స్కోలిన్, మామూలుగా పది నిమిషాల్లోపే దిగిపోతుంది. రక్తంలోని బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము దాన్ని విరగ్గొడుతుంది. పుట్టుకతో ఆ ఎంజైము లేనివారికి గంటల తరబడి సొంత ఊపిరి రాదు. నిద్రలో ఉంచి వెంటిలేటరు నడిపితే వాళ్లే కోలుకుంటారు. సంగతి గ్రహించక తొందరపడి గొట్టం తీస్తేనే ప్రమాదం. మెలకువ వచ్చీ కనురెప్ప కదపలేకపోవడం ఇంకో నరకం. ఈ మందు తగిలేదాకా లోపం సాధారణంగా బయటపడదు, జీవితమంతా ఏ లక్షణమూ ఉండకపోవచ్చు. వైశ్యుల్లో ఇది ఇతరులకంటే సుమారు వంద రెట్లు ఎక్కువని 2017లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం చెప్పింది. తరతరాలుగా తమలో తామే వియ్యమందడం దీనికి మూలం.

ఆస్పత్రిలో కులం అడగడమేమిటని మీరు నొచ్చుకోవచ్చు, నొచ్చుకోవాలి కూడా. కులం ఒక్కటే గుర్తుపెట్టుకున్న డాక్టరు మిగతావాళ్లలో అదే లోపాన్ని జారవిడుస్తాడు. "మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి ఆలస్యంగా వచ్చిందా అమ్మా?" అని మాత్రం అందరినీ అడగొచ్చు. కండరాలను సడలించే మరో మందు రొకురోనియం ఉండగా స్కోలిన్ దేనికంటారా? ముందే తేదీ పెట్టుకున్న ఆపరేషన్‌కు సరే. నిండు కడుపుతో ఉన్న గర్భిణిని అర్ధరాత్రి హడావిడిగా సిజేరియన్‌కు తెచ్చినప్పుడు, క్షణాల్లో పనిచేసే చవకైన స్కోలిన్ కోసమే చాలాచోట్ల చేయి చాస్తారు. రక్తపరీక్షకు అప్పుడు వ్యవధి ఉండదు, ఆ ఒక్క ప్రశ్నకు ఉంటుంది.

లోపం బయటపడ్డాక ఇంకో పని మిగులుతుంది. లోపమున్న జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ చేరితేనే వచ్చేది కనుక ప్రతి తోబుట్టువుకూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంది. డిశ్చార్జి కాగితం మీది ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ఆ కబురు ఇంటికి చేరదు. మందు పేరు తెలుగులో పెద్దగా రాసి చేతికివ్వండి. అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ పరీక్ష చేయించమని, ఎప్పుడు ఆపరేషన్ పడినా ఆ కాగితం మత్తు డాక్టరుకు చూపించమని చెప్పండి.