క్రీస్తు ఎబోలీలో ఆగిపోయాడా?
(పఠన గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠం)



మన తెలుగును ‘తూర్పుదేశపు ఇటాలియన్’ అంటారు. రెండు భాషల్లోనూ మాటలు అచ్చులతో ముగుస్తాయి గనుక ఆ పోలిక. మిలాను నుండి వచ్చిన మిషనరీ గురువులు 19వ శతాబ్దం నుండి తెలుగునాట సేవ చేశారు గనుక ఆ దేశం మనకు కొత్తదీ కాదు. అయినా ఇటలీ అనగానే మన కళ్ళకు కట్టేది రోము నగరం, పునీత పేతురు దేవాలయం, మికెలాంజెలో చిత్రాలు. అక్కడా మన పల్లెల వంటి పల్లెలున్నాయనీ, అక్కడి రైతు కూడా నీటి కోసం తగవుపడ్డాడనీ తెలియాలంటే పుస్తకాలు చదవాలి. అటువంటి రెండు పుస్తకాలను గూర్చి మనవి చేస్తాను.

మొదటిది ఇగ్నాజియో సిలోనే రాసిన ‘ఫోంతమార’ నవల. ఆయన 1900లో అబ్రుజ్జో కొండసీమలోని పెషీనాలో పుట్టాడు. 1915 భూకంపం ఆయన తల్లిని పొట్టనబెట్టుకుంది. ముస్సోలినీ ఏలుబడిలో దేశం విడిచి, స్విట్జర్లాండులో తలదాచుకొని ఈ నవల రాశాడు. 1933లో అది ముందుగా జర్మన్ భాషలో వెలువడింది. ఫోంతమార అంటే చేదు ఊట. ఆ ఊరి పొలాలకు పారే ఏటిని ఒక ధనవంతుడు తన భూములకు మళ్ళించుకుంటాడు. ప్లీడరుగారు తగవు తీరుస్తాడు: నీటిలో ముప్పాతిక వంతు ధనవంతునికి, మిగిలిన దానిలో ముప్పాతిక వంతు రైతులకు. ఇద్దరికీ ముప్పాతికే గనుక సమానమే గదా అని నమ్మిస్తాడు! లెక్క వేసి చూడండి, పదహారు పాళ్ళలో రైతులకు దక్కేది మూడే. చదువుతుంటే ముందు నవ్వు వస్తుంది, ఆ వెంటనే కడుపు తరుక్కుపోతుంది.

రెండవది కార్లో లేవి రాసిన ‘క్రీస్తు ఎబోలీలో ఆగిపోయాడు’. లేవి తురీను నగరానికి చెందిన యూదుడు, వైద్యం చదివిన చిత్రకారుడు. ఫాసిస్టు ప్రభుత్వం 1935లో ఆయనను దక్షిణాన లుకానియా సీమకు ప్రవాసం పంపింది. అలియానో అనే పల్లెలో గడిపిన ఆ రోజులనే 1945లో పుస్తకంగా అచ్చు వేయించాడు. క్రీస్తు ఎబోలీ పట్నం దాటి మా దాకా రాలేదని అక్కడివారు అనుకునేవారట. వారి వాడుకలో ‘క్రైస్తవుడు’ అంటే మనిషి. మమ్మల్ని ఎవరూ మనుషుల కింద లెక్కకట్టలేదన్నదే వారి మొర.

ఊరిలో గుడి ఉంది, గురువూ ఉన్నాడు. ఇద్దరు వైద్యులున్నారు గాని ప్రజలకు వారిపై నమ్మకం లేదు. మలేరియాతో మంచం పట్టినవారు లేవి గుమ్మం ముందుకు వచ్చారు. మతేరా పట్నంలో మనుషులు పశువులతో కలిసి కొండ గుహల్లో కాపురముండటం, పిల్లలు దారినపోయేవారిని క్వినైన్ కోసం అడగటం కూడా ఈ పుస్తకంలో ఉంది. చదివిన దేశం సిగ్గుపడింది. 1952లో చట్టం చేసి ఆ గుహల వారికి కొత్త ఇళ్ళు కట్టించసాగారు. 1993లో ఆ గుహలే యునెస్కో వారి ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి. లేవి 1975లో మరణించగా అలియానోలోనే సమాధి చేశారు.

ప్రియులారా, ఆగిపోయింది క్రీస్తు కాదు, ఆయన పేరు పెట్టుకున్నవారి కాళ్ళు. ఆ మాట మనకు ఒక యూదుని కలం ద్వారా వినవలసి వచ్చింది. నూరేళ్ళ పండుగనాడు కట్టిన గుళ్ళను, బడులను లెక్కపెట్టుకోవడం న్యాయమే. ఏ పేటకు, ఏ గూడేనికి ఇంకా వెళ్ళలేదో కూడా ఆ పక్కనే రాసుకుందాం.

ఈ రెండు పుస్తకాలకూ ఇంగ్లీషు అనువాదాలున్నాయి. కాలేజీ చదువుతున్న మన పిల్లలు వాటిని చదివి, ఆదివారం సాయంత్రాల్లో పెద్దలకు తెలుగులో కథగా చెబితే బాగుంటుంది. కాలువ కింద సేద్యం చేసిన మన తాతలకు ఆ ముప్పాతిక లెక్క ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు.