నోటుఫైలు – గిట్



నోటుఫైలులో రాసినదాన్ని మనం కొట్టేసేవాళ్లం కాదు. కిందే మరో నోటు రాసి సంతకం, తేదీ వేసేవాళ్లం. విద్యార్థులకు గిట్ నేర్పేటప్పుడు నేను మొదట చెప్పేది ఇదే. లినక్స్ కెర్నెల్ పనికోసం లినస్ టోర్వాల్డ్స్ 2005లో తయారుచేసిన ఈ ఓపెన్ సోర్స్ సాధనం, ప్రతి 'కమిట్'తోనూ ప్రోగ్రాంలో ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చారో నమోదు చేస్తుంది. ఎందుకు మార్చారో మాత్రం మనిషే రాయాలి. పిల్లలు 'మార్చాను' అని ఊరుకుంటారు! (మన సెక్షన్లో అయితే ఫైలు తిరిగొచ్చేది.)

ఒకసారి ఒకమ్మాయి ప్రోగ్రాం మీద తోటివాడు తన ఫైలు పెట్టేశాడు. ప్రాజెక్టు ఇవ్వడానికి రెండు రోజులే గడువు. పాత కమిట్ నుంచి తిరిగి తెచ్చాం గానీ, అన్నిటికీ ఆ ఒక్క మాటే ఉండటంతో ఏది సరైనదో తేల్చడానికి పూటంతా పట్టింది.

నోటింగ్ నేర్పగల మీరు శనివారాలు రండి. కంప్యూటర్ సంగతి నేను చూసుకుంటాను.