మోటారు సైకిలు పంకా తిరుగనిచో
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



మన గ్రామములలో తిరుగు మోటారు సైకిళ్ళలో పెక్కింటి ఇంజన్లు ఎదురుగాలికే చల్లబడును. వానికి పంకాతో పని లేదు. కాని 2008లో వచ్చిన యమహా ఆర్15, 2012లో వచ్చిన పల్సర్ 200ఎన్ఎస్ వంటి బండ్లలో కూలెంటు అను ద్రవము ఇంజనులోని వేడిని తీసికొని, ముందున్న రేడియేటరులో చల్లారును. ఇట్టి బండ్లు పాతబడి, చేతులు మారి పల్లెలకు కూడ చేరుచున్నవి. వాని పంకా ఆగినపుడు చేయవలసినదానిని మనవి చేసెదను.

కొన్నాళ్ళ క్రిందట నా పాతబండి తిరునాళ్ళ జనములో కాగిపోయినది. మరమ్మతు చేయువారు పంకా కాలినదని చెప్పి క్రొత్తది బిగించిరి. మరునాడు సంతలో అదియు తిరుగలేదు. తుదకు చూడగా, ఫ్యూజు పెట్టు చోట తుప్పు పట్టియున్నది. పంకా ఖరీదు వృథా అయినది. తిరుగని పంకా యెల్ల చెడిన పంకా కాదని ఆనాడు తెలిసికొంటిని.

మొదట లక్షణము గుర్తింపవలెను. బండి వేగముగా పోవునపుడు గాలియే రేడియేటరును చల్లార్చును. నెమ్మదిగా పోవునపుడు, నిలిచియున్నపుడు పంకా అవసరమగును. కావున రహదారిపై బాగుండి సంతలో కాగు బండికి పంకాను అనుమానింపవలెను. రహదారిపై కూడ కాగుచున్నచో, కూలెంటు తగ్గినదా, రేడియేటరు సందులలో బురద చేరినదా చూడవలెను. ఇంజను చల్లగానున్నపుడు పంకా తిరుగకుండుట లోపము కాదు.

పిదప ఇంజనును పూర్తిగా చల్లారనిచ్చి, తాళము తీసి, వరుసగా పరీక్షింపవలెను.

ఒకటి, ఫ్యూజు. కాలినచో అంతే శక్తిగల ఫ్యూజునే వేయవలెను. తీగముక్క చుట్టినచో వైర్లకు నిప్పంటుకొనవచ్చును.

రెండు, పంకా రెక్కలకు బురదగాని, పుల్లగాని అడ్డుపడినదేమో చూడవలెను.

మూడు, పంకా కనెక్టరు విప్పి, 12 వోల్టుల బ్యాటరీ నుండి ఫ్యూజు గల వైర్లతో నేరుగా కరెంటు ఇచ్చి చూడవలెను. వ్రేళ్ళను దూరముగా నుంచవలెను. తిరిగినచో పంకా మంచిదే. తిరుగనిచో అప్పుడే క్రొత్తదాని మాట తలపెట్టవలెను.

నాలుగు, పంకా మంచిదైనచో కనెక్టర్ల తుప్పును, రిలేను, వేడికి పనిచేయు స్విచ్చిని చూడవలెను. రేడియేటరునందు రెండు వైర్ల స్విచ్చి గల పాతబండ్లలో, ఆ వైర్లు రెండును కలిపి తాళము త్రిప్పగా పంకా తిరిగినచో, స్విచ్చియే చెడినదని తెలియును. కంప్యూటరు ఆజ్ఞతో పంకా తిరుగు బండ్లలో ఇట్లు వైర్లు కలుపరాదు, తెలిసినవానికి చూపవలెను.

రెండు హెచ్చరికలు. కాగియున్న రేడియేటరు మూత ఎన్నడును తీయరాదు. ఒత్తిడిలోనున్న కూలెంటు పైకి చిమ్మి ముఖమును కాల్చును. కూలెంటులో సాధారణముగా ఇథిలీన్ గ్లైకాల్ అను విషముండును. అది తియ్యగానుండుటచే కుక్కలు, పశువులు త్రాగి చనిపోవచ్చును. దానిని కుడితితొట్టి దగ్గర, చెరువుగట్టున పారబోయనీయకుడు.

సభ్యులారా, బండి ఆగినచో పాలు కేంద్రమునకు చేరవు, రోగి ఆసుపత్రికి చేరడు. మీ గ్రామమున ఎవరైనను క్రొత్త పంకా కొనబోవుచున్నచో, “పాతదానిని బ్యాటరీతో పరీక్షించితివా?” అని ఒక్క ప్రశ్న వేయుడు. ఆ ప్రశ్న ఒక కుటుంబపు డబ్బు కాపాడగలదు.